ఇంకా రాని విమానానికి కృతజ్ఞత కూడిక

మేడ్చల్,
మంగళవారం సాయంత్రం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీకూ నాన్నకూ వందనాలు చెప్పి నీ చిన్నకూతురు కరుణ రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. నాన్న మోకాళ్ల నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పినా డాబా మీదికి పోతున్నాడని అక్క చెప్పింది. కొంచెం గట్టిగా చెప్పు. నేను వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను, నా గురించి బెంగ వద్దు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు ముందు స్పీకర్ పెడతావు. పక్కన రోజమ్మ పిన్ని ఉంటుంది, పాలావిడ ఉంటుంది, ఇంకెవరో ఉంటారు. నేను సగం చెప్పేసరికి నువ్వు "దేవునికి స్తోత్రం" అనేస్తావు. మిగతా సగం నీ చెవికి ఎక్కదు. కాగితానికి స్పీకర్ లేదు కాబట్టి చివరిదాకా చదువుతావని ఆశ.

కోపంగానే రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. నాకు పైలట్ ఉద్యోగం వచ్చిందని స్త్రీల కూడికలో లేచి సాక్ష్యం చెప్పావట. కృతజ్ఞత కూడికకు రోజు ఖాయం చేశావట. వంటాయనతో మాట్లాడావట, చికెన్ కూరా పలావూ అనుకున్నారట. ఇదంతా అక్క చెబితే తెలిసింది. అమ్మా, నాకు ఉద్యోగం రాలేదు. ఇంకోసారి రాస్తున్నాను, రాలేదు.

నేను చెప్పింది ఏమిటంటే, సరుకు విమానాల కంపెనీలో సెలెక్ట్ అయ్యాను. రాతపరీక్ష అయింది, సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చూశారు, అదీ అయింది. కాని నేను ఎక్కాల్సిన విమానమే ఇంకా మన దేశానికి రాలేదు. అది పాత ప్రయాణికుల విమానం. ఎక్కడో విదేశంలో పెట్టి సీట్లన్నీ పీకేసి, పక్కన పెద్ద తలుపు కోసి, బరువు ఆగేలా నేల గట్టిచేస్తున్నారు. వానలకు ముందే వస్తుందన్నారు. తర్వాత దసరాకు అన్నారు. ఇప్పుడు అడిగితే "పని జరుగుతోంది మేడం" అంటున్నారు. అది వచ్చి వాలితేనే నన్ను పిలుస్తారు. అంతవరకు నా పేరు వాళ్ల దగ్గర ఉంటుంది, నేను ఇక్కడ ఉంటాను.

పైలట్లు దొరకడం లేదని పేపర్లో రాశారు కదా అని పిన్ని అన్నదట. దొరకనిది కెప్టెన్లు. ఏళ్ల తరబడి నడిపినవాళ్లకోసం కంపెనీలు కొట్టుకుంటున్నాయి. నాలాగా లైసెన్సు చేతపట్టుకుని, గాల్లో తిరిగిన గంటలు తక్కువైనవాళ్లు ఎక్కడ చూసినా ఉన్నారు. ప్రయాణికుల కంపెనీలు తాము చేర్చుకుని నేర్పించిన పిల్లల్నే ముందు తీసుకుంటున్నాయి. సరుకు కంపెనీలే తక్కువ, వాటికి విమానాలు ఇంకా తక్కువ. విమానం వస్తే కొందరికి పని, రాకపోతే ఎవరికీ లేదు. ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు చేతకాదు.

"ఆకాశంలో లారీ నడుపుతుందా" అని కూడా పిన్ని నవ్విందట. నవ్వనీ. అట్టపెట్టెలు ఆలస్యమైందని అరవవు, వాంతులు చేసుకోవు. రాత్రి డ్యూటీలు ఎక్కువ, అది నిజమే. కాని అక్కడ నిలదొక్కుకుంటే కెప్టెన్ సీటు దాకా పోవచ్చు. నాకు ఆ పనే కావాలి. దొరికిందే చాలని సరిపెట్టుకుని చెప్పడం లేదు.

ఇక్కడ నా పని నీకు తెలిసిందే. హైవే పక్క గోడౌన్‌లో కూర్చుని ఏ పార్సెల్ ఎటు పోవాలో చూసి లారీలు పంపిస్తాను. పార్సెళ్లు రోజురోజుకూ పెరుగుతున్నాయి, వాటిని మోసే విమానం మాత్రం రాదు. పైగా పొద్దున్నే హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానాలు సరిగ్గా నా నెత్తిమీదే తిరుగుతాయి. చూడకూడదనుకుంటూనే తల ఎత్తుతాను. లోడింగ్ చూసే యాదగిరన్న వదలడు. "గదేనా మేడం నీ ఇమానం? మస్తు చిన్నగున్నది, మన డబ్బాలు పడ్తయా అండ్ల?" అంటాడు. రోజూ ఇదే మాట, రోజూ తనే నవ్వుతాడు.

పోయిన వారం మా మేనేజరు పిలిచి షిఫ్ట్ ఇన్‌చార్జిగా పర్మనెంట్ చేస్తానన్నాడు. రెండేళ్లు మానేయనని రాసివ్వాలట. సోమవారం చెబుతానన్నాను. రాసిచ్చాక విమానం వస్తే పోలేను. రాసివ్వకపోతే, విమానం రాకపోతే, రెండూ పోతాయి. ఈ సంగతి నీతో మాట్లాడదామని ఫోన్ చేస్తే నువ్వు కూడికకు ఏ చీర కట్టుకోవాలని అడిగావు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

అది చాలదన్నట్టు ఇక్కడి అమ్మగారికి, అదే, మా పాస్టరు గారి భార్యకు కూడా ఫోన్ చేసి చెప్పావు. నాకేం తెలుసు? ఆదివారం మామూలుగా చర్చికి వెళ్లి చాప మీద కూర్చున్నాను. పాటలయ్యాక అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. "మన కరుణ చెల్లెకు దేవుడు పైలట్ నౌకరి ఇచ్చిండు. ముందుగాల శాలువ కప్పుదం, తర్వాత సాక్ష్యం చెప్తది, ఇనుండ్రి" అన్నారు. అందరూ చప్పట్లు. ఆయన చేతిలో కొత్త శాలువా, మడత కూడా విప్పారు.

మైకు నేనే లాక్కున్నాను. "అయ్యగారూ, ఆగండి. నాకు ఉద్యోగం రాలేదు. మా అమ్మ తొందరపడింది. విమానం రావాలి, ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. ఎదురుచూస్తున్నానంతే" అన్నాను. అయ్యగారు శాలువా ముందుకు చాపలేక, వెనక్కి తీసుకోలేక అలాగే నిలబడిపోయారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడు ముందు వరసలో మా ఇంటి ఓనరు మరియమ్మ అవ్వ కూర్చున్నచోటి నుంచే అన్నది, "కప్పయ్యా, కప్పు. ఎదురుసూసెటోళ్లకు సలి పెట్టదా?"

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి శాలువా నా భుజాల మీద వేశారు. సాక్ష్యం లేదు, ఏమీ లేదు. నా కోసం ప్రార్థన చేసి పంపారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అవ్వ అడిగింది, "ఇంకెన్ని దినాలు సూస్తవ్ బిడ్డా?" తెలియదన్నాను. "తెల్వకుంటే ఏమాయె. జర కడుపుల ఇంత ఏసుకొని సూడు" అన్నది. ఆ రాత్రి తనే జొన్నరొట్టె చేసి పెట్టింది.

నిన్న మేనేజరుకు రాసివ్వనని చెప్పేశాను. ముఖం మాడ్చుకున్నాడు, ప్రస్తుతానికి తీసెయ్యలేదు. భయంగానే ఉందమ్మా. కాని చెప్పినందుకు బాధ లేదు.

కూడిక ఆపెయ్యమని రాద్దామనే ఈ కాగితం తీశాను. ఇప్పుడు ఆపవద్దంటున్నాను. పలావు వండించు, అందరినీ పిలువు. కాని నువ్వే లేచి చెప్పాలి, నా కూతురికి ఉద్యోగం రాలేదు, ఎదురుచూస్తున్నది, దానికి తోడుగా ఉండమని మిమ్మల్ని భోజనానికి పిలిచాను అని. అలా చెప్పగలనని అనుకుంటే నాకు ఫోన్ చెయ్యి, ఆ రోజే టికెట్ తీసుకుంటాను. చెప్పేటప్పుడు స్పీకర్ పెట్టుకో, పిన్నిని కూడా విననీ.

ఇక్కడ చలి బాగా ముదిరింది, పొద్దున నీళ్లు ముట్టుకోలేకపోతున్నాం. శాలువా కప్పుకునే రాస్తున్నాను. ఎవరైనా ఇటు వస్తే ఎండురొయ్యలు పంపించు, అవ్వ తినాలని ఉందంటున్నది. అక్కకూ బావగారికీ, మన అయ్యగారికీ వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నాన్నను డాబా ఎక్కనివ్వకు. రోజూ ప్రార్థనలో నన్ను తలుచుకోండి, నాకు ఉద్యోగం వచ్చేసిందని మాత్రం దేవుడికి కూడా చెప్పకు.

ఇంకా నేల మీదే ఉన్న నీ కూతురు,
కరుణ