ఎండ తగలని చేతులు

ఫిబ్రవరి 16, 2009

గుంటూరు పోయొచ్చా. డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి మొహం చిట్లించింది. షుగరు పాత చుట్టమే, దాని సంగతి నాకు తెలుసు. కొత్తగా డి విటమిన్ తక్కువంట. "ఎండలో తిరగవా?" — నన్నా ఆ మాట! పొద్దుగూకేదాకా మిరప కల్లంలో కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరేదాన్ని.

"మీ మిషన్నే కాసేపు ఎండలో పెట్టండి, తిక్క కుదురుద్ది" అన్నా. నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలా. ఏం తొడుక్కుని పనిచేస్తావంది. చెప్పా... చీర మీద మా ఆయన ఏసోబు ఫుల్‌చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. తలకీ మూతికీ తువ్వాలు. కాయ ఘాటు ఒంటికి తగిలితే ఒకటే మంట కదా మరి.

"ఇంక ఎండ తగిలేదెక్కడ, కనురెప్పలకా?"

నర్సు మళ్ళీ నవ్వింది, ఈసారి నా మీద. నా మీద!

ఫిబ్రవరి 17

నిన్న ఒక ముక్క రాయకుండా వదిలేశా. షుగరు ఉండి డి కూడా తక్కువైనోళ్ళలో గుండెజబ్బులు ఎక్కువ కనపడుతున్నాయంట. వారానికో మాత్ర రాసింది. "ఇది మింగితే గుండె గట్టిపడుద్దా?" అన్నా. "అది తేలలేదు. ఎముకలకి మంచిది. గుండె బాగుండాలంటే షుగరూ బీపీ అదుపులో పెట్టు, నడువు." తేలనిదాంతో నన్ను భయపెట్టడం ఎందుకో.

ఆయాసం వస్తుందా అని కూడా అడిగింది. రాదన్నా.

వస్తుంది.

ఫిబ్రవరి 19

కల్లంలోనే చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచా. ఎండకి ఎండ, కూలికి కూలి అనుకున్నా. ఇంటికొచ్చేసరికి చేతులు నిప్పులు. ఏసోబు మజ్జిగ పోస్తూ, "ఎండ తగలనిమ్మంది గానీ కారం పూసుకోమందా ఆమె?" నవ్వితే నవ్వాడులే. రేపు ఆయన పప్పులో ఉప్పుండదు.

ఫిబ్రవరి 21

కల్లంలో కాదు — బయట. చేతులు సబ్బుతో కడుక్కుని, చొక్కా విప్పేసి, కాలవ గట్టు మీద. నా ముఠా ఆడోళ్ళందరినీ లేపా. "మనందరికీ కావాలంట ఇది, గవర్నమెంటు ఆర్డరు" అని నేనే పుట్టించా. కల్లం ఆసామి ఉరికొచ్చాడు. "ఏందే కరుణా! ఎండలో ఉన్నోళ్ళకి మళ్ళీ ఎండేంది?" "రాతపూర్వకంగా ఉందండీ. మమ్మల్ని ఆపినోళ్ళ మీద కేసంట." నా పక్కన కాయలేరే సువార్త తువ్వాలు నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు. ఆయన గొడుగు కింద నిలబడి, మేం లేచిందాకా వాచీ చూసుకున్నాడు. చూసుకోనీ.

ఫిబ్రవరి 25

గట్టు ఎక్కుతుంటే సగంలో ఆగిపోయా. ఎడమ చెయ్యి బరువు... దవడ దాకా ఏదో లాగుతా ఉంది. చెమటలు. కూర్చుంటే తగ్గింది. "ఏందక్కా, తెల్లగా పాలిపోయావు?" — సువార్త. గ్యాసన్నా. నమ్మలా. "బావకి చెప్పు" అంది. చెప్పావంటే నీ జడకి ఎండుమిరపకాయలు కడతానన్నా.

ఫిబ్రవరి 27

మళ్ళీ. ఈసారి గట్టు ఎక్కటం కూడా లేదు.

మార్చి 1, ఆదివారం

చంపేసింది సువార్త. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అంటే లేచింది. మైకు పట్టుకుని "మా కరుణక్క గుండె కోసం" అంది. మైకులో! నా గుండె ఊరంతా వినపడింది. మగాళ్ళ వైపు నుంచి ఏసోబు తల తిప్పి నా వంక చూశాడు. ఆయనకి అప్పుడే తెలియటం. నేను కళ్ళు మూసుకున్నా, భక్తి గలదాన్లాగా.

దారంతా ఏసోబు నాకంటే పది అడుగులు ముందే నడిచాడు. గుమ్మం దగ్గర ఒక్కటే — "నాకంటే ముందు చర్చికి తెలియాలా?"

నోట్లో మంచి మాటే ఉంది జవాబుకి. మింగేశా. పప్పులో ఉప్పు సరిగానే వేశా ఇవాళ.

మార్చి 3

మళ్ళీ డాక్టరమ్మ. నిన్న నా చేత కక్కించిన ఆయాసం, చెయ్యి నొప్పి సంగతి ఏసోబే చెప్పాడు, నన్ను నోరు తెరవనివ్వకుండా. ఈసీజీ బానే ఉంది. "చూశావా!" అన్నా. "పడుకున్నప్పుడు బాగుంటే చాలదు" అంది ఆమె. కదిలే పట్టా మీద నడిపించి చూస్తారంట. కల్లం పని మానుకోమంది అప్పటిదాకా. సీజను నడుస్తుంటే! అన్నీ మానేస్తే ఇంక గుండె ఎందుకు కొట్టుకోవాలి?

మార్చి 5

పరీక్ష రేపు. సువార్త వచ్చింది. నేను పలకరించలా. అయినా అది పోలా. గడపలో కూర్చుని నా చింతపండు అంతా గింజ తీసిపెట్టి పోయింది, దొంగముండ.

నర్సు ఏం చేయాలో చెప్పి పంపింది. పట్టా స్పీడు పెరుగుతా ఉంటుందంట, పెరగనీ. ఆ గదిలో అందరికంటే ముందుంటా. కానీ ఒకటి — నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా అప్పటికప్పుడే చెప్పాలంట. "ఓర్చుకోకూడదమ్మా" అంది, పెద్ద తేలికైన పని చెప్పినట్టు.

ఓర్చుకోకుండా ఉండటం నాకెవరు నేర్పారని...