చింతపండుతో తోమిన మ్యాగజైన్

షహనాజ్,

కాజీపేట బస్సు పోతదని జల్దీ పోతున్న. నువ్వు నాతోని మాట్లాడక నాలుగు రోజులాయె, అందుకే రాసిపెట్టిన.

మ్యూజియం సారు బాగుచెయ్యమని ఇచ్చిన పాత యుద్ధం తుపాకుల మ్యాగజైన్లు, అవే తూటాలు నింపే డబ్బీలు, బల్ల మీద ఆరబెట్టిన. అన్నీ ఖాళీవే, ఫికర్ చెయ్యకు. ఆరినంక పొడిబట్టతో తుడిచి, కుట్టుమిషన్ నూనె జర వేలికి రాసుకొని పైపైన రుద్దు. కొబ్బరినూనె వద్దు, జిగురు పడ్తది. ఒక్కోదాన్ని ఒక్కో కాయితంల చుట్టి బిస్కెట్ల డబ్బాల పెట్టు. దూదిల పెడితే చెమ్మకు తుప్పు పడ్తది.

చింతపండు మాత్రం ముట్టియ్యకు! మొన్న ఇత్తడి చెంబు తోమినట్టు ఒకదాన్ని తోమితివి, నల్లరంగంతా పాయె. ముప్పై ఏండ్లు పోలీసు తుపాకులు బాగుచేసినోన్ని, కోపం రాదా? అయినా అంతగనం అరిచేది లేకుండె.

రంగు పోయినకాడ ఒక నంబరు తేలింది. మ్యూజియంల ఉన్న ఒక తుపాకీ మీద గూడ అదే నంబరు. ఇన్నేండ్లకు దాని జోడీ దొరికిందని సారు ఒకటే సంబరం. "ఎవరు తోమిండ్రు, ఫకీర్ భాయ్?" అని అడిగిండు. "నేనే సార్" అన్న. నిన్న అందరి ముంగట శాలువా కప్పిండు. ఇయ్యాల పోయేది సారుకు నిజం చెప్పెటందుకే.

మరిచిన. పొద్దుగాల నువ్వు లేచినప్పుడు నీ మీద ఉన్నది ఆ శాలువానే. తియ్యకు, అది నీదే.