బానెట్ కింద సీసా

ఈ రోజు కారు తీయకు, బస్సులో వెళ్ళు. మైలేజీ పెరుగుతుందని నేను బానెట్ కింద బిగించిన, నీళ్ళలోంచి హైడ్రోజన్ గ్యాసు తీసే సీసా కారుతోంది. అందులోవి ఉత్త నీళ్ళు కావు, కాస్టిక్ సోడా కలిపాను. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వచ్చాక నేనే ఊడదీస్తాను.

అవును, పూర్తిగా తీసేస్తాను. నిన్న రెండుసార్లు ట్యాంకు మూతిదాకా నింపి, ఒకే రోడ్డు మీద ఆ సీసా గ్యాసుతో ఒకసారి, దాని గొట్టం పీకేసి ఒకసారి నడిపాను. పెట్రోలు రెండుసార్లూ ఒకేలా తాగింది. నువ్వు మొదటి రోజే నవ్వావు. నేనే మొహం మాడ్చుకున్నాను.

ఇంకో మాట. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఆ సీసాలోకి స్టీలు రేకులు కావాల్సి వచ్చి, అత్తయ్య ఇచ్చిన రెండు పళ్ళేలూ కోసేసింది నేనే. "మీరేమైనా చూశారా?" అని నువ్వడిగితే పేపర్లోంచి తల ఎత్తకుండా "నాకేం తెలుసు" అన్నాను. నువ్వు పనావిడని నిలదీశావు. ఆవిడ ఏడ్చుకుంటూ పని మానేసి వెళ్ళిపోతుంటే కూడా నోరు మెదపలేదు. మైలేజీ పెరిగితే ఆ సంతోషంలో చెప్పేయొచ్చని నెల రోజులు నాన్చాను.

ఇప్పుడు ఆవిడ ఇంటికే వెళ్తున్నాను. ఉత్త మాటలు నమ్మదేమోనని, కోయగా మిగిలిన పళ్ళేల అంచులు సంచిలో పెట్టుకున్నాను. నీకు టిఫిన్ మూతపెట్టి ఉంచాను, తిని వెళ్ళు.

ఆవిడ నాతో వస్తే నీ ముందు కూడా ఇదంతా చెప్తాను. నువ్వు మాత్రం ఎప్పటిలా నన్ను వెనకేసుకు రాకు.