మీరు కోసిన టూత్‌పేస్ట్ ట్యూబు

అత్తయ్యగారూ,

మీరు పోయి ఏడాదైంది. నిన్న రాయ్‌పూర్‌లో నేను గీసిన బొమ్మల ప్రదర్శన మొదలైంది. పూలూ పళ్లూ కాదు, మనం కొని, వాడి, పారేసే వస్తువులే అన్నీ. షాంపూ సీసాలు, చిప్స్ పొట్లాలు, ఇంటికొచ్చే పార్సిళ్ల అట్టపెట్టెలు. వాటి మధ్య మీ టూత్‌పేస్ట్ ట్యూబు.

అయిపోయిందని మేం పారేస్తే, మీరు బుట్టలోంచి తీసి, కత్తెరతో నిలువునా కోసి, ఇంకో నాలుగు రోజులు వాడేవారు కదా. చివరిసారి మీరు కోసింది నేను దాచాను. ఆ కోత ఎంత తిన్నగా ఉందో, గీయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆ బొమ్మ పెట్టొద్దని మీ అబ్బాయి వారం నుంచీ ఒకటే గొడవ.

"మా అమ్మ లేమిని నలుగురికీ చూపిస్తావేటి?" అన్నారు.

"లేమి కాదండీ, ఆవిడ తెలివి," అన్నా వినలేదు. ప్రదర్శనకి రానని చెప్పి ఉర్లాలో ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లిపోయారు.

సాయంత్రం ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చారు. నేరుగా మీ ట్యూబు ముందుకెళ్లి నిలబడ్డారు. ఇంతలో ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, "యే క్యా హై, అంకల్?" అని, ఇదేంటని అడిగింది.

"పేస్ట్ ట్యూబ్ హై, బేటీ. మేరీ మా నే కాటా హై," అన్నారు. మా అమ్మ కోసిందని చెబుతూ, రెండు వేళ్లు కత్తెరలా ఆడించి చూపించారు కూడా. ఆ పిల్ల నవ్వి, వాళ్ల అమ్మమ్మా అంతేనంది.

హాలు మూసేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. వచ్చినవాళ్లందరికీ తనే చెప్పారు, మీ పేరుతో సహా.

మీ కోడలు