అగ్గిపెట్టెలో రెండు పురుగులు

జూలై 7, సోమవారం
చెరుకాకుల కుప్ప కింద నుంచి మనవరాలు గ్రేసు బూడిద రంగు పురుగును తీసింది. ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటుంది.
"పురుగు కాదు తాతా, రొయ్యలకు సుట్టం."
డిగ్రీలో అదే చదువు దానికి. వీటిలో కొన్నింటికి తల్లి గుడ్డులోంచే ఒక బ్యాక్టీరియా వస్తుందట. మగది కావలసిన పిల్ల ఆడదవుతుందట. గుడ్లు కూడా పెడుతుందట.
నవ్వాను. అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చాడు. నా తమ్ముడు సుందరం...

జూలై 8
ముప్పై ఏళ్ల కిందటి ఆదివారం. చీర కట్టుకొచ్చి చర్చిలో ఆడవాళ్ల చాప మీద కూర్చున్నాడు. సంఘపెద్దను నేను. బయటికి లాగి, చెరుకు గడ విరిగేదాకా కొట్టాను. వాడు అరవలేదు. మమ్మల్ని కన్న అవ్వ అరిచింది.
ఇప్పుడు నవీపేటలో జాకెట్లు కుడతాడు. సుందరమ్మ అంటారట.

జూలై 9
పురుగులకున్నదే వాడికీ ఉందేమో. వాడి తప్పు కాదేమో. చెప్పి రావాలి.

జూలై 10
అగ్గిపెట్టెలో రెండింటిని వేసుకుని బస్సెక్కాను.
"కూసో అన్నా." సుందరమ్మ మిషన్ ఆపలేదు.
అంతా చెప్పాను. "నీ తప్పు లేదు తమ్మీ. అవ్వ కడుపులనే పడ్డదేమో."
పెట్టె తెరిచి చూసి మూసింది. "నాకే రోగం లేదన్నా. నేను గిట్లనే పుట్టిన." దారం కొరికింది. "సరే, పురుగే అనుకో. మరి నన్ను కొట్టింది ఏం పురుగు?"
తెప్పించిన చాయ్ చల్లారిపోయింది. కొట్టిన నా తప్పు ఒప్పుకోకుండా, అంతా చచ్చిన తల్లి మీద వేసి వచ్చాను. థూ.

జూలై 11
గ్రేసుకు చెప్పాను.
"మనుషులకు గట్ల కాదు తాతా. నన్నడిగి పోవద్దా?" మళ్లీ తనే, "గామెను ఏమని పిలిచినవ్?"
"తమ్మి అని."
తల వంచుకుని లేచి వెళ్లిపోయింది.

జూలై 12
సుందరమ్మ ఫోను. "నువ్వొచ్చినవ్ గద, రేపు నేనొస్త చర్చికి. ఆడోళ్ల చాప మీదనే కూసుంట. గేటు కాడికొచ్చి, అందరి ముందట చెల్లె అని పిలువు. పిలువకుంటే గదే ఆటోల ఎనక్కి మర్లిపోత."
ఫోను పెట్టేసి, చర్చి చాపలు దులిపాను.

జూలై 13, ఆదివారం
చాపలు పరిచాను. చర్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. జనం వస్తున్నారు. నోటికి తమ్మి అనే వస్తోంది — ఇక్కడ రాసి చూసుకుంటున్నా.
చెలె.
ల కింద వత్తు మరిచాను.
చెల్లె.
గేటు దగ్గర ఆటో ఆగింది. ఇంకా ఎవరూ దిగలేదు...