రాజమండ్రి నుంచి గంటే

సారమ్మగారికి,

మీ ఆయన సాల్మన్‌గారు కాపలా కాసే నానక్‌రామ్‌గూడ ఆఫీసులోనే నా ఉద్యోగం. ఈ ఉదయం నేను రాజమండ్రి విమానాశ్రయంలో ఉన్నాను. హైదరాబాద్‌కు గంటే కదా, ఎవరికీ తెలియకుండా వచ్చేయొచ్చని స్నేహితురాలి చేత నా కార్డు గేటు దగ్గర స్వైప్ చేయించాను. విమానం ఆలస్యమైంది. ఇంతలో ఆఫీసులో మంటలు లేచాయి. కార్డుల లెక్క ప్రకారం బయటికొచ్చినవాళ్లలో నేనొక్కదాన్నే తక్కువయ్యాను. నేను లోపల లేనని స్నేహితురాలు భయపడి చెప్పలేదు. "ఇంకో బిడ్డ లోపలనే ఉన్నది, జర ఆగుండ్రి" అంటూ సాల్మన్‌గారు మళ్లీ పైకెళ్లి పొగలో పడిపోయారట.

అంతకుముందు గేటు నుంచి నాకు నాలుగుసార్లు ఫోన్ వచ్చింది. కార్డు సంగతి బయటపడుతుందని నేనే ఎత్తలేదు.

ఈ కాగితం నర్సు చేతికిస్తున్నాను. ఆయనకు స్పృహ వచ్చిందో లేదో చెప్పండి. ఆసుపత్రిలో మీరున్న గదికి పది అడుగుల దూరంలోనే నిలబడ్డాను. లోపలికి రాలేకపోతున్నాను.