దిల్ బహదూర్ దరఖాస్తు మీద పార్టీ పేరు

అల్ ఖర్జ్, సౌదీ

అన్నకు శనార్థులు పెట్టి రాజేశం రాసేది. నా పానం మంచిగనే ఉన్నది. అక్కడ నువ్వు, వదిన ఎట్లున్నరు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా? ఇక్కడ ఎండలు దంచుతున్నయ్. మేం పనిచేసే ఆవుల కొట్టంల ఫ్యాన్లు, నీళ్ల తుంపర్లు పెడ్తరు, మాకంటె ఆవులే నయం. నా ఫికర్ చెయ్యకు, మంచిగనే ఉన్న.

ఇది ఫోన్ల చెప్పే ముచ్చట కాదే అన్నా. అందుకే సెలవు మీద వస్తున్న గంగారాం చేతికి ఈ ఉత్తరం ఇస్తున్న.

నా రూముల దిల్ బహదూర్ అని నేపాలీ ఉన్నడని చెప్పిన గద. నువ్వు మీటింగులల్ల చెప్పేటోనివి చూడు, బడిపంతులు అడవి పట్టి, జైలుకు పోయి, ఆఖరుకు దేశానికే రాష్ట్రపతి అయిండని. ఆ లీడర్ అజ్ఞాతంల ఉన్నప్పుడు పదకొండు రోజులు దిల్ వాళ్లింట్ల మక్క కంకులు దాచే అటుక మీదనే పండుకున్నడట. వాళ్లమ్మ అన్నం పెట్టింది, దిల్ కాపలా కాసిండు. ఆయన ప్రమాణం చేస్తుంటె టీవీ ముంగట దిల్ పిడికిలి లేపి ఏడ్చిండు.

మొన్న వాళ్లమ్మకు సీరియస్ అయింది. పనికి పెట్టుకున్న ఖఫీల్ దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాయితం ఇయ్యనన్నడు. నేపాల్ ఎంబసీ నుంచి ఆ రాష్ట్రపతికే దరఖాస్తు పెడ్తనన్నడు దిల్. అగో, అక్కడ నా నోరు ఊకోలే. "భయ్యా, పార్టీ పేరుతోటి సంతకం పెట్టు. నీ అసలు పేరు ఆయనకేం ఎరుక?" అన్న. నువ్వు పార్టీల చేరి రవన్న అని పేరు మార్చుకున్నప్పుడు నాకు నేర్పిన సంగతే. వాడు మురిసిపోయి అప్పటి పార్టీ పేరు 'సంగ్రామ్' అని పెట్టిండు.

మూడు వారాలు ఎదురుచూసి ఎంబసీల అడిగితె, ఆ పేరుతోటి పాస్‌పోర్టే లేదు, కాయితం పక్కకు పెట్టినం అన్నరు. వాళ్ల తప్పేం లేదు. రాష్ట్రపతి దాంక అది పోనే లేదు. అసలు పేరుతోటి మళ్ల రాస్తె, ఎంబసీవాళ్లే ఖఫీల్‌తోటి మాట్లాడిన్రు. నాలుగు రోజులల్ల ఎగ్జిట్ వచ్చింది. ఆ పొద్దుగాలనే వాళ్లమ్మ పానం ఇడిసిందని ఫోన్ వచ్చింది.

దిల్ నన్ను తిట్టినా బాగుండు. టికెట్ చేతుల పట్టుకొని, "మా అమ్మకు ఆ పేరు తెల్వనే తెల్వదు భాయ్" అన్నడు. ఆ పాపం నాదే అన్నా. అన్నం సయిస్తలేదు.

గంగారాం మళ్లొచ్చేటప్పుడు వదినను ఎల్లిపాయ కారం పంపమను. అమ్మ కాళ్లకు దండం పెట్టిన అని చెప్పు, నన్ను దీవించుమను.

ఊరంత నిన్ను రవన్న అంటది. నేను గూడ ఇన్నేండ్లు కవర్ మీద అదే రాసిన. అమ్మ ఒక్కతే మల్లేశం అని పిలుస్తది. ఈసారి కవర్ మీద మల్లేశం అని రాసిన, కోపం చెయ్యకు.

నీ తమ్ముడు
రాజేశం